ఇంటి వెనుక షెడ్డుకు ఒక లేత్

ఆదివారం, హనుమకొండ.

ఇంటి వెనుక రేకుల షెడ్డులో పెట్టుకోవడానికి లోహపు ముక్కను తిప్పుతూ కోసే లేత్ మిషన్ ఏది తీసుకోవాలన్న విషయం ఈ రోజుతో ఒక కొలిక్కి వచ్చింది. నేను భౌతికశాస్త్రం చెప్పే డిగ్రీ కాలేజీలో ప్రయోగశాల పరికరాలు ఎక్కువగా పాడయ్యేది చిన్న చిన్న భాగాల వల్లనే. స్పెక్ట్రోమీటర్ కింద ఉండే లెవెలింగ్ స్క్రూ మర అరిగిపోతే వేల రూపాయల పరికరం అల్మారాలోకి చేరుతుంది. ఫ్లైవీల్ అనే బరువు చక్రానికి ఇరుసు తిరిగే గొట్టం లాంటి బుష్ వదులైతే జడత్వ భ్రామకం ప్రయోగం ఆ ఏడాది పిల్లలకు బోర్డు మీద బొమ్మగా మాత్రమే అందుతుంది. ఊళ్లో లేత్ షాపులకు కొదువ లేదు గానీ, బోరు మోటారు షాఫ్టులు, ట్రాక్టరు పిన్నులు వరుసలో ఉన్నప్పుడు వేలెడంత ఇత్తడి స్క్రూ ఒక్కటి చేసిపెట్టమని అడగడం వాళ్లకూ ఇబ్బందే, నాకూ ఇబ్బందే. ఆ పనిని నేనే చేసుకోవాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను, చిన్నప్పుడు మా బాబాయి పక్కన నిలబడి నేర్చుకున్న టర్నింగు (లేత్ మీద కోత) పని చేతికి ఇంకా గుర్తుంది కూడా.

మిషన్ చూడడానికి పోయే ముందు, ఉదయం టీ తాగుతూ, దానితో చేయవలసిన పనులన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాను, ఎందుకంటే పని తెలియకుండా మిషన్ చూడబోతే కంటికి నచ్చినదే మంచిదనిపిస్తుంది. మా ల్యాబ్‌లోని పాత పరికరాలు చాలావరకు అంబాలా నుంచి వచ్చినవి, వాటిలో చిన్న స్క్రూలన్నీ బీఏ మరలు. 1884లో బ్రిటిష్ అసోసియేషన్ సిఫారసు చేసిన ఈ మరల పద్ధతి నాకు ఎంతో ఇష్టం: 0 బీఏ స్క్రూకు 6 మిల్లీమీటర్ల వ్యాసం, 1 మిల్లీమీటర్ పిచ్ (పక్కపక్క మరల మధ్య దూరం) ఉంటాయి, ఆ తరువాతి ప్రతి నంబరుకూ పిచ్ అంతకు ముందుదానిలో పదింట తొమ్మిది వంతులవుతుంది. అలా లెక్కిస్తే 4 బీఏ దగ్గరికి వచ్చేసరికి పిచ్ 0.66 మిల్లీమీటర్లు, వ్యాసం 3.6 మిల్లీమీటర్లు. ఇంత సన్నని మరలను లేత్ గేర్లతో కోయనక్కరలేదు, లేత్ కొసన ఆసరాగా ఉండే టెయిల్‌స్టాక్‌లో డై (మర కోసే పనిముట్టు) పట్టించి, వస్తువును బిగించి పట్టే చక్‌ను చేత్తో తిప్పుకుంటే సరిపోతుంది. అంటే నా పనుల్లో స్క్రూలు మిషన్ పరిమాణాన్ని నిర్ణయించవు, దానిని నిర్ణయించేవి ఫ్లైవీలు, కప్పీలు, బుష్‌లు.

పని మారితే మిషన్‌లో చూడవలసిన అంగమే మారిపోతుందనడానికి తుపాకులు బాగుచేసేవారి లేత్ మంచి ఉదాహరణ. అమెరికాలో ఇంటి దగ్గరే ఆ పని చేసుకునేవారు లేత్ కొనేటప్పుడు మొదట అడిగేది స్పిండిల్ (చక్‌ను తిప్పే బోలు ఇరుసు) రంధ్రం ఎంత పెద్దది, దానిని మోసే హెడ్‌స్టాక్ ఎంత పొట్టిది అని, ఎందుకంటే పొడవాటి గొట్టాన్ని స్పిండిల్ లోపలి నుంచి దూర్చి, ముందు చక్‌తోనూ వెనుక నాలుగు స్క్రూలతోనూ పట్టి, రెండు కొసలూ నడి గీతలో తిరిగేలా సరిచేసుకోవాలి. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ తయారీకే కాదు, మరమ్మతుకు కూడా లైసెన్సు ఉండాలి కాబట్టి అది ఇంటి షెడ్డులో చేసుకునే పని కాదు. నా పనికి స్పిండిల్ రంధ్రం ఇరవై అయిదు మిల్లీమీటర్ల రాడ్డును మింగితే చాలు, నాకు కావలసింది బెడ్ (మిషన్ పొడవునా ఉండే ఇనుప దిమ్మె) మీద తిరిగే వెడల్పు, అంటే ఎంత పెద్ద చక్రం దాని మీద తిరగగలదన్నది.

సహోద్యోగి ఒకరు చైనా మినీ లేత్ తీసుకొమ్మని చాలాసార్లు చెప్పారు. అది బల్ల మీద పెట్టుకోవచ్చు, ఇద్దరు కలిసి ఎత్తవచ్చు, మామూలు ప్లగ్గులో పెడితే తిరుగుతుంది. అందులో వేగం కూడా ఎక్కువే, ఆ ఒక్క విషయంలో నా మనసు చాలాసేపు అటే లాగింది. కోత వేగాన్ని వెయ్యితో గుణించి, వ్యాసానికి π (పై) రెట్లతో భాగిస్తే నిమిషానికి ఎన్ని చుట్లు తిరగాలో తెలుస్తుంది. 5 మిల్లీమీటర్ల ఇత్తడి కడ్డీని నిమిషానికి 60 మీటర్ల వేగంతో కోయాలంటే దాదాపు 3,800 చుట్లు కావాలి, పాత బెల్టు లేత్‌లు ఆ దరిదాపుల్లోకి కూడా రావు. అయితే అదే సూత్రంలో 250 మిల్లీమీటర్ల పోత ఇనుప ఫ్లైవీల్‌ను 20 మీటర్ల వేగానికి వేసి చూస్తే జవాబు పాతిక చుట్లు మాత్రమే. మినీ లేత్ మీద 180 మిల్లీమీటర్లకు మించిన వస్తువు తిరగనే తిరగదు. వేగం తక్కువైతే చిన్న ఇత్తడి స్క్రూ కొంచెం నెమ్మదిగా తయారవుతుంది, కోతలో మెరుపు తగ్గుతుంది, అంతకు మించి నష్టం లేదు. వెడల్పు తక్కువైతే మాత్రం ఫ్లైవీల్ పని ఎప్పటికీ జరగదు. ఈ లెక్క కాగితం మీద కనబడిన తరువాత మినీ లేత్ ఆలోచనను పక్కన పెట్టేశాను.

పదిన్నరకు మడికొండ పారిశ్రామికవాడలో ఒక షెడ్డుకు పోయాను. అక్కడ అమ్మకానికి పెట్టినవి రెండు మిషన్లు. ఒకటి హరిహర్‌లో తయారైన కిర్లోస్కర్, గేర్ లేత్, చూడగానే గౌరవం కలిగే మిషన్, కానీ దాని పొడవుకు మా షెడ్డు చాలదు. రెండోది బటాలా నుంచి వచ్చిన నాలుగున్నర అడుగుల బెల్టు లేత్. దానికి పచ్చరంగు కొత్తగా వేశారు. నేను రంగు వైపు చూస్తున్నానని గమనించిన మేస్త్రీ తానే ముందుగా చెప్పాడు: "సార్, రంగు మొన్న ఏసినం. రంగు సూసి తీసుకోకుండ్రి, బెడ్డు సూసి తీసుకోండ్రి." అమ్మేవాడి నోట ఆ మాట రావడం నాకు ఎంతో నచ్చింది.

బెడ్ అరుగుదల చక్ దగ్గరే ఎక్కువ ఉంటుంది, ఎందుకంటే రోజూ జరిగే చిన్న పనులన్నీ అక్కడే జరుగుతాయి, కోసే టూల్‌ను మోసే క్యారేజ్ ఆ జానెడు మేరలోనే ఏళ్ల తరబడి ముందుకూ వెనక్కూ తిరుగుతుంది. క్యారేజ్ తాకని చోటికీ తాకే చోటికీ మధ్య అంచు మీద గోరు పెట్టి జరిపి చూశాను, గోటికి చిన్న మెట్టు తగిలింది గానీ ఆగిపోయేంత లోతు లేదు. తరువాత క్యారేజ్‌ను చక్ దగ్గరికి తెచ్చి, అక్కడ ఏ వదులూ లేకుండా కింది పట్టీలు బిగించి, టెయిల్‌స్టాక్ వైపు తిప్పుకుంటూ పోయాను. బెడ్ బాగా అరిగి ఉంటే ఆ చివరకు పోయేసరికి హ్యాండిల్ బిగుసుకుపోవాలి. కొంచెం బరువెక్కింది, ఆగలేదు. స్పిండిల్ ముక్కు మీద, సన్నని తేడాను ముల్లుతో చూపే డయల్ గేజ్ ఆనించి చేత్తో తిప్పితే ముల్లు ఒక గీతకు అటూఇటూ ఊగింది, అంటే మిల్లీమీటరులో నూరో వంతు. ఈ వయసు మిషన్‌కు అది మంచి ఆరోగ్యమే.

అసలు పరీక్ష కోత పెట్టి చూడడమే. పాతిక మిల్లీమీటర్ల ఇనుప రాడ్డును చక్‌లో బిగించి, టెయిల్‌స్టాక్ ఆసరా లేకుండా నూట యాభై మిల్లీమీటర్లు బయటకు ఉంచి, 50, 100, 150 మిల్లీమీటర్ల దగ్గర మూడు పట్టీలు మిగిలేలా మధ్య భాగాలు తగ్గించమని మేస్త్రీని అడిగాను. ఆ తరువాత టూల్‌ను కదపకుండా మూడు పట్టీల మీదా ఒకే సన్నని కోత నడిపించాడు. పొట్టు నూలుపోగులా వచ్చింది. మైక్రోమీటరుతో చక్ వైపు నుంచి కొలుస్తూ పోతే వరుసగా 24.52, 24.54, 24.56 వచ్చాయి. మేస్త్రీ ముఖం కొంచెం చిన్నబోయింది, పాత మిషన్‌లో ఈ మాత్రం తేడా ఉంటుందని సర్దిచెప్పబోయాడు. నాకు మాత్రం ఆ మూడు అంకెలు చూడగానే లోపల ధైర్యం వచ్చింది.

కారణం ఇది. ఒక కొస బిగించిన కడ్డీ కొన మీద బలం పడితే, కడ్డీ వంగే దూరం దాని పొడవు ఘనానికి అనులోమంగా ఉంటుందని ప్రతి ఏడాదీ క్లాసులో చెప్పేదే. టూల్ ఎక్కడ ఉంటే అక్కడే బలం పడుతుంది కాబట్టి, తేడా రాడ్డు వంగడం వల్ల వచ్చినదైతే 50, 100, 150 దగ్గర అది 1, 8, 27 పాళ్లలో ఉండాలి, అంటే రెండో అంగలో పెరుగుదల మొదటి అంగలో కన్నా రెండున్నర రెట్లు మించిపోవాలి. బెడ్ అరుగుదల వల్ల వచ్చినదైతే ఏ లెక్కకూ లొంగకుండా ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువగా కనబడాలి. ఇక్కడ రెండు అంగల్లోనూ పెరుగుదల సమానంగా 0.02 మాత్రమే, అంటే టూల్ నడిచిన దారి గీత గీసినట్టు తిన్నగానే ఉంది, ఆ గీత స్పిండిల్ నడి గీతకు కొద్దిగా ఏటవాలుగా ఉంది. బెడ్ మెలితిరిగి ఉన్నా, హెడ్‌స్టాక్ కొద్దిగా పక్కకు తిరిగి ఉన్నా ఇలాగే వస్తుంది, ఆ రెండూ సరిచేసుకోగలిగినవే. ఒంగి చూస్తే మిషన్ ఒక పక్క సిమెంటు నేల మీద, ఇంకో పక్క చెక్క ముక్క మీద నిలబడి ఉంది. మీటరుకు 0.02 మిల్లీమీటర్ల తేడా చూపే లెవెల్ పెట్టి, కాళ్ల కింద సన్నని రేకు ముక్కలు సర్ది మట్టం చేస్తే ఈ తేడాలో చాలా భాగం పోతుందని నా నమ్మకం. మేస్త్రీకి ఇదంతా రాడ్డు మీదే చాక్‌పీసుతో గీసి చూపించాను. ఆయన శ్రద్ధగా విని, "అయితే ఇది బెడ్డు తప్పు కాదన్నట్టు" అన్నాడు.

లోపాలు లేకపోలేదు. టూల్‌ను అడ్డంగా జరిపే క్రాస్ స్లైడ్ హ్యాండిల్ దాదాపు పావు చుట్టు వృథాగా తిరుగుతుంది, దాని నట్టు మార్చాలి. మూడు దవడల చక్ నోరు గంట ఆకారంలో విచ్చుకుపోయింది, కొత్తది కొనాల్సిందే. నాలుగు దవడల చక్ మాత్రం బాగుంది, కచ్చితమైన పనికి నాకు అదే ఇష్టం, ప్రతి దవడనూ విడిగా జరుపుతూ డయల్ గేజ్ ముల్లు నిలిచేదాకా సర్దుకోవడంలో ఒక తృప్తి ఉంది. మరలు కోసేటప్పుడు క్యారేజ్‌ను నడిపే లీడ్ స్క్రూ అంగుళానికి నాలుగు మరలది కాబట్టి మెట్రిక్ మరలు కచ్చితంగా కోయాలంటే 127 పళ్ల గేరు ఉండి తీరాలి, అయిదు అంగుళాలు సరిగ్గా 127 మిల్లీమీటర్లు కావడమే దానికి కారణం. గేర్ల పెట్టె మొత్తం నేల మీద పోసి వెతికితే ఆ ఒక్కటే లేదు. అది వెతికి ఇస్తేనే ధర మాట్లాడుకుందామని చెప్పాను.

కరెంటు సంగతి అనుకున్నదాని కన్నా సులువుగా తేలింది. మోటారు ఒక హెచ్‌పీ త్రీ ఫేజ్‌ది. మా ఇంట్లో ఉన్నది సింగిల్ ఫేజ్, త్రీ ఫేజ్ కనెక్షన్‌కు దరఖాస్తు పెట్టుకోవాలేమోనని అనుకుంటూ వచ్చాను. నేమ్‌ప్లేట్ తుడిచి చూస్తే 230/415, డెల్టా/స్టార్ అని ఉంది, అంటే వైర్లను డెల్టా పద్ధతిలో కలిపితే 230 వోల్టులు చాలు, మూత విప్పితే ఆరు వైర్ల కొసలూ బయటికే ఉన్నాయి. డెల్టాగా కలిపి, సింగిల్ ఫేజ్ తీసుకుని త్రీ ఫేజ్ ఇచ్చే వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే పరికరం) ఒకటి పెడితే ఇంటి కరెంటుతోనే నడుస్తుంది, పైగా బెల్టు మార్చకుండానే వేగం కొంత పెంచుకోవచ్చు, ఆ మేరకు ఇత్తడి పనికి కూడా కలిసివస్తుంది. అయితే వేగం బాగా తగ్గించవలసినప్పుడు వీఎఫ్‌డీ మీద ఆధారపడను, అక్కడ మోటారు బలం చాలదు, వేగం తగ్గించి బలం పెంచే బ్యాక్ గేరే వేయాలి.

సాయంత్రం షెడ్డులో నేల కొలిచాను. మిషన్ గోడకు ఆనించి పెట్టకూడదు, వెనుక మోటారు దగ్గరికి మనిషి పోయేంత సందు కావాలి, చక్‌కు ఎదురుగా కిటికీ కాకుండా గోడ ఉండాలి. వానాకాలంలో రేకుల కింద చెమ్మ పట్టి బెడ్ మీద ఒక్క రాత్రిలో తుప్పు వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి, పని అయిన ప్రతిసారీ నూనె పట్టించి గుడ్డ కప్పాలి, పైకప్పు లోపల థర్మాకోల్ షీట్లు వేయించాలి. కాళ్లు వచ్చే రెండు చోట్లా పాత గచ్చు తవ్వి కాంక్రీటు పోయించాలని మా ఆవిడతో చెప్పాను. మిషన్ వచ్చాక తవ్వడం కన్నా ముందే తవ్వించమని, ఆ ఇసుక దుమ్ము మిషన్ మీద పడితే మంచిది కాదు కదా అని ఆమె అన్నది. ఆ మాట నిజం, బెడ్ మీద ఇసుక రేణువు పడడం కన్నా చెరుపు లేదు.

రాత్రి తొమ్మిదికి మేస్త్రీ ఫోన్ చేశాడు. 127 పళ్ల గేరు బాలానగర్‌లో తెలిసినవాళ్ల దగ్గర ఉన్నదట, తెప్పిస్తానన్నాడు. అది గురువారం లోపల చేతికి వస్తే బయానా ఇస్తానని మాట ఇచ్చాను. రేపు కాలేజీ నుంచి వచ్చేటప్పుడు సిమెంటు, కంకర సంగతి కనుక్కోవాలి.