కడపలో నాలుగు గుమ్మాలు

పోయినేడు నాన్న పెద్దకర్మలో పురోహితుడు గోత్రం అడిగితే నాకు చప్పున గుర్తురాలేదు. వెనక నుంచి మేనమామ అందించాడు. చెప్పమన్న మంత్రాలన్నీ చెప్పాను, ఒక్కటీ నమ్మి చెప్పలేదు. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. అసలు నేను నమ్మేదేమిటి? అది ఏ మతంలో దొరుకుతుంది?

కాచిగూడలో కడప రైలెక్కి, బెర్తు మీద కూర్చుని కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకున్నాను. దేవుడుంటే బేరాలాడడు. గుమ్మం దగ్గర ఎవరినీ ఆపకూడదు. రేపేం జరుగుతుందో ఏ మనిషికీ తెలియదు. చచ్చాక సంగతి చచ్చాక చూసుకోవచ్చు. ఇక కడపే ఎందుకంటే, ఆ చుట్టుపక్కల చూడాలనుకున్నవన్నీ రెండు మూడు రోజుల్లో అయిపోతాయి. పైగా అక్కడ నా కాలేజీ స్నేహితుడున్నాడు, వాడికో బైకుంది.

దిగింది ఉగాది పొద్దున. నేరుగా దేవుని కడప. తిరుమలకు తొలి గడప అంటారు, అన్నమయ్య పాడిన కడపరాయుడి గుడి. క్యూలో నా ముందు బుర్ఖా వేసుకున్న పెద్దావిడ, చేతిసంచిలో కొబ్బరికాయ, బెల్లం. ఉగాదికి ఇక్కడికి ముస్లింలు వస్తారని విన్నాను గానీ ఇంతమందిని అనుకోలేదు. "ప్రతి ఏడూ వస్తారా అమ్మా?" అన్నాను.

"మా అల్లుడు గదా నాయనా. పండగనాడు అల్లుడింటికి ఉత్త చేతుల్తో వస్తామా?"

వెంకటేశ్వరస్వామి పెళ్లాడిన బీబీ నాంచారమ్మ తమింటి ఆడపడుచని వాళ్ల నమ్మకం. చరిత్ర చూపించమంటే ఎవరి దగ్గరా కాగితాలుండవు. హారతి ఇచ్చినప్పుడు నేను అలవాటుగా కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి ఆవిడ స్వామిని పైనుంచి కిందికి నింపాదిగా చూస్తోంది, మా బిడ్డని బాగా చూసుకుంటున్నావా లేదా అన్నట్టు. బయటికొచ్చాక బెల్లం చిదిపి నా చేతిలో పెట్టింది. "ఎండన పడి వచ్చినావు, నోట్లో ఏసుకో."

పక్కనే పంచాంగ శ్రవణం. నా రాశికి ఆదాయం రెండు, వ్యయం ఎనిమిదట. కాగితం తీసి చూశాను. గుమ్మం సంగతి ఒక్కటే కుదిరింది. మిగతావేవీ కుదరలేదు.

సాయంత్రం పెద్ద దర్గా. "చెప్పులు ఈడ ఇడువు సామీ" అన్నాడు పూలమ్మే ముస్లిం కుర్రాడు. కడపలో అందరూ అందరికీ సామే. తలకి జేబురుమాలు కట్టుకుని సాంబ్రాణి పొగలో అరగంట కూర్చున్నాను. ఎవరూ ఏ ఊరని కూడా అడగలేదు. కానీ చుట్టూ వచ్చినవాళ్లంతా ఏదో ఒకటి అడుక్కోవడానికి వచ్చినవాళ్లే. మనసు నిమ్మళించిందిగానీ నా మొదటి లైను మాత్రం మళ్లీ కొట్టేసినట్టే అయింది.

మర్నాడు మైదుకూరు మీదుగా బ్రహ్మంగారి మఠం. పోతులూరి వీరబ్రహ్మం శిష్యుల్లో సిద్దయ్య దూదేకుల ఇంటి పిల్లాడు, కక్కయ్య మాదిగ. ఆ కాలంలో ఇది చిన్న సంగతి కాదు. నాకు ఇదే నా చోటనిపించింది, ఒక గంట సేపు. ఆ తర్వాత కాలజ్ఞానం పుస్తకాల కొట్టాయన మొదలుపెట్టాడు. కరోనా, కరెంటు, సినిమావాళ్లు సీట్లెక్కడం, అన్నీ స్వామి ముందే చెప్పాడట. అన్నీ జరిగిపోయాకే మనకు కనపడతాయేమని అడిగితే ఆయనకి కోపమొచ్చింది. పుస్తకం కొని ఊరుకున్నాను.

ఇక మిగిలింది వేమన. ఆయన పద్యాల్ని ఊరూరా వెతికించి, ఇంగ్లీషు అనువాదంతో 1829లో అచ్చు వేయించిన బ్రౌన్ కడపలో ఉద్యోగం చేసినవాడు, ఒక పాదిరీ కొడుకు. ఆ దొర బంగళా ఉన్నచోట ఇప్పుడు ఆయన పేరుతో గ్రంథాలయముంది. అందులో కాసేపు కూర్చుని, మూడో రోజు తెల్లారకముందే రాయచోటి మీదుగా కదిరి వైపున్న కటారుపల్లికి బయల్దేరాం. వంద కిలోమీటర్ల పైమాటే, మధ్యలో ఒక పంక్చరు.

నా కాగితంలోని నాలుగు ముక్కల్లో వేమన కాదనేది ఒక్కటీ లేదు. రాళ్లకి మొక్కేవాళ్లని అంత మొరటుగా దెప్పినవాడు మరొకడు లేడు. ఆయన సమాధికే పూజలు జరుగుతాయి. మా వాడు దారిలో కొన్న కొబ్బరికాయ తీశాడు. "రేయ్, ఈయనకా?" అన్నాను. "వచ్చినాం గదరా, కొట్టకుండా ఎట్ల పోతాం?" అన్నాడు. కొట్టాడు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఏం చెయ్యాలో తెలియలేదు, చెయ్యాల్సిందీ ఏమీ లేదు. ఆయన చెప్పిందంతా నేనెప్పుడో ఒప్పుకున్నదే. పది నిమిషాల్లో బయటికొచ్చేశాం.

"ఏ మతం తేలింది?" అన్నాడు వాడు బైకు తీస్తూ. "వేమన మతం. నాలుగుకి నాలుగు మార్కులు." "మళ్లా వస్తావా ఈడికి?" నేనేమీ అనలేదు.

రాత్రి రైల్లో అందరూ పడుకున్నాక ఫోన్ తీసి, వచ్చే ఉగాది ఏ వారం పడిందో చూసుకున్నాను. ఆవిడ పేరడగడం మర్చిపోయాను.