టీఎస్‌హెచ్ 7 వచ్చింది, మాత్ర మొదలుపెట్టాలా?

హెల్త్ చెకప్ రిపోర్టులో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ గ్రంథిని పని చేయమని పురమాయించే హార్మోను) 7, అంటే ఎక్కువ; ఫ్రీ టీ4 (ఆ గ్రంథి తయారుచేసే హార్మోను) నార్మల్; యాంటీ టీపీఓ (థైరాయిడ్ మీద దాడి చేసే యాంటీబాడీలు) పాజిటివ్. అంటే హషిమోటో (ఒంటి రక్షణ వ్యవస్థే థైరాయిడ్‌ను దెబ్బతీసే జబ్బు) మొదలైంది గానీ గ్రంథి ఇంకా పని నెట్టుకొస్తోంది. కంగారుపడి ఆ సాయంత్రమే మందులషాపుకు వెళ్లకండి.

ముందు రెండు మూడు నెలలు ఆగి, అదే ల్యాబులో, అదే వేళకు మళ్లీ రక్తం ఇవ్వండి. జబ్బుపడి కోలుకుంటున్నప్పుడు టీఎస్‌హెచ్ కొన్నాళ్లు పెరిగి దానంతటదే దిగొచ్చు. పొద్దున్న ఎక్కువ, మధ్యాహ్నం తక్కువ ఉంటుంది కూడా. జుట్టు రాలుతోందని బయోటిన్ అనే విటమిన్ వేసుకుంటుంటే కనీసం 2 రోజుల ముందే ఆపాలి. చాలా యంత్రాల్లో దానివల్ల టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. యాంటీబాడీలు మాత్రం మళ్లీ కొలిపించడం దండగ, ఆ అంకెను బట్టి వైద్యం మారదు.

రెండుసార్లూ 10 దాటితే సాధారణంగా మందు ఇస్తారు. గర్భిణులు, పిల్లల కోసం చూస్తున్నవాళ్లు 10 దాకా ఆగకూడదు, వెంటనే ఎండోక్రైనాలజిస్టును (హార్మోన్ల డాక్టరును) కలవాలి.

అసలు చిక్కు 5కూ 10కీ మధ్య ఉన్నవాళ్లది. 65 దాటిన 737 మందితో జరిగిన ట్రస్ట్ అధ్యయనంలో (2017) లెవోథైరాక్సిన్ (ఈ జబ్బుకు ఇచ్చే థైరాయిడ్ మాత్ర) వేసుకున్నవాళ్లకు ఏడాది తర్వాత కూడా నీరసం ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ల కన్నా తగ్గలేదు. పైగా డోసు ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది, ఎముకలు బలహీనపడతాయి. కాబట్టి ఇంట్లో అమ్మమ్మకు 7 ఉందని మాత్ర పెట్టించడం నాకు సబబుగా తోచదు. ఇంగ్లండులో 20 ఏళ్లు సాగిన విక్‌హామ్ సర్వేలో టీఎస్‌హెచ్ పెరిగి, యాంటీబాడీలు కూడా ఉన్న ఆడవాళ్లలో ఏటా 100కి సుమారు నలుగురికి జబ్బు పూర్తిగా ముదిరింది. అందుకని మందు వద్దనుకున్నా 6 నుంచి 12 నెలలకోసారి పరీక్ష మానకూడదు.

వయసులో ఉండి నీరసం, మలబద్ధకం బాగా బాధపెడుతుంటే డాక్టరుతో మాట్లాడి మూడు నాలుగు నెలలు వాడి చూడొచ్చు. టీఎస్‌హెచ్ దిగినా నీరసం అలాగే ఉంటే కారణం థైరాయిడ్ కాకపోవచ్చు. హిమోగ్లోబిన్, బీ12, నిద్ర చూసుకోండి, మందు ఆపే మాట డాక్టరును అడగండి.

మొదలుపెడితే సాధారణంగా 25 లేదా 50 మైక్రోగ్రాములు, పరగడుపున, మంచినీళ్లతో. చెన్నైలో కష్టమంతా ఫిల్టర్ కాఫీతోనే: అరగంట నుంచి గంట ఆగాలి, లేకపోతే మందు సరిగా ఒంటబట్టదు. కాల్షియం, ఐరన్ మాత్రలకు 4 గంటల ఎడం. టీఎస్‌హెచ్ మళ్లీ 6 నుంచి 8 వారాలకు. ఈ లోపు చూస్తే అంకె ఇంకా కుదురుకోదు. ఇక్కడి ఉక్కకు, వేడికి మాత్రలు పాడవుతాయి. సీసా పొయ్యి పక్కన పెట్టకండి, మూత బిగించి చల్లని అరలో ఉంచండి.