రెగ్యులర్ ఎయిట్ రీలు స్టూడియోకి ఇచ్చి పడ్డ పాట్లు

1960లలో ఇంగ్లండులో డాక్టరుగా ఉన్నప్పుడు మా పెద్దనాన్న కొన్న యూమిగ్ ప్రొజెక్టరు, ఓ రేకు డబ్బా నిండా రెగ్యులర్ ఎయిట్ (ఇంట్లో తీసుకునే సినిమాలకి వాడిన పాత రకం సన్న ఫిల్ము) రీళ్లు నా చేతికొచ్చాయి. అవన్నీ నిన్నటికి మా హాల్లో గోడమీద ఆడాయి. ఇంట్లో అందరికంటే నాకే ఎక్కువ సంతోషం.

ప్రొజెక్టరు పని తేలిగ్గానే అయింది. పాత టేప్ రికార్డర్లు బాగుచేసే మెకానిక్ సాగిపోయిన బెల్టు మార్చాడు. 12 వోల్టులు, 100 వాట్ల బల్బు ఆన్‌లైన్‌లో దొరికింది.

ఏడిపించింది డిజిటల్ కాపీ. ముందుగా ఒక కాపీ ఉంటే మంచిదని పెళ్లి వీడియోలు తీసే ఓ స్టూడియోకి ఒక రీలు తీసుకెళ్లాను. "ఇది రెగ్యులర్ ఎయిట్ అండీ, సూపర్ ఎయిట్ కాదు" అని నొక్కి చెప్పాను. "మాకు తెలియదా సార్, ఎన్నేళ్లుగా చేస్తున్నాం!" అన్నాడు ఓనరు.

తిరిగిచ్చిన రీలు విప్పితే మొదట్లోనే అంచు వెంట చిల్లులు వరసగా చీలిపోయి ఉన్నాయి. మా నానమ్మ కృష్ణ ఒడ్డున తడి కొంగు పిండుకునే షాటు సరిగ్గా అక్కడే ఉంది. అడిగితే కౌంటర్ దగ్గర నలుగురి ముందూ, "పాత ఫిల్ము సార్, మీరు దాచిన తీరు అలా ఉంది" అన్నాడు. పక్కనున్న కుర్రాళ్లు నవ్వారు. ఒళ్లు మండిపోయింది. ఆ ఫిల్ములో వెనిగర్ వాసన లేదు, వంచితే మెత్తగా వంగుతోంది, కోడాక్రోమ్ (కొడాక్ వాళ్ల కలర్ ఫిల్ము) ఎరుపు ఇంకా నిగనిగలాడుతోంది. పాడైన ఫిల్ము అలా ఉంటుందా?

అసలు జరిగింది ఇదీ. రెండు రకాలూ 8 మి.మీ. వెడల్పే. 1932లో కొడాక్ తెచ్చిన రెగ్యులర్ ఎయిట్‌లో చిల్లు పెద్దది, రెండు ఫ్రేములు కలిసేచోట ఉంటుంది. 1965 నాటి సూపర్ ఎయిట్‌లో చిన్నది, ఫ్రేము నడుముకి ఎదురుగా ఉంటుంది. చిల్లుకీ చిల్లుకీ మధ్య దూరం పాతదాంట్లో 3.81 మి.మీ., కొత్తదాంట్లో 4.23. సూపర్ ఎయిట్ మిషన్లో పాతది ఎక్కిస్తే, లాగే కొక్కెం ప్రతి ఫ్రేముకీ ఆ తేడా మేరకు చిల్లు అంచును చీలుస్తుంది. రీలు మధ్య రంధ్రం కూడా వేరే సైజు. అది సరిపోనప్పుడైనా చెయ్యి ఆగాలి కదా! తెలియదు అనడానికి నామోషీ పడేవాళ్ల చేతికి ఇంటి జ్ఞాపకాలు ఇవ్వకూడదు.

ఫిల్ము అతికించడానికి వాడే, చిల్లులున్న స్ప్లైసింగ్ టేపు తెప్పించి, భూతద్దం పెట్టుకుని నేనే అతికించాను. ఆ షాటు కాస్త ఎగురుతుంది, కానీ ఆడుతుంది.

మీరు స్కానింగుకి ఇస్తే, కొక్కెం లేకుండా రోలర్ల మీద నడిచే స్కానర్ ఉందా అని అడగండి. ఏ రకం ఫిల్మో వాళ్లే అడగకపోతే రీలు తీసుకుని వచ్చేయండి. పెళ్లి వీడియో వాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లొద్దు, ఎంత తక్కువకి చేస్తామన్నా సరే.

50 అడుగుల రీలు నాలుగు నిమిషాలు ఆడుతుంది. రెగ్యులర్ ఎయిట్ రీళ్లున్నవాళ్లు విజయవాడ వస్తే మా ఇంటికి తెచ్చుకోండి. డబ్బులొద్దు, ఫిల్ము బాగుంటే ఆడించి చూపిస్తా.