నిరుద్యోగిత చాప్టర్ నాకు బాలానగర్‌లో అర్థమైంది

ఫ్రెండ్స్, గ్రూప్-2 ఎకానమీ పేపర్ అంటే మనలో చాలామందికి టెన్షన్. నాకైతే నిరుద్యోగిత రకాల దగ్గరే దెబ్బ పడేది. సంఘృష్ట, వ్యవస్థాపూర్వక, చక్రీయ (మాంద్యం వల్ల వచ్చేది), ప్రచ్ఛన్న అంటూ హైదరాబాద్ చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో కూర్చొని నిర్వచనాలు బట్టీ పట్టేవాణ్ని. మోడల్ పేపర్ రాస్తే మొదటి రెండూ తారుమారు అయ్యేవి.

2022 డిసెంబర్‌లో తెలంగాణ గ్రూప్-2లో 783 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. ఐదున్నర లక్షల మందిమి దరఖాస్తు చేశాం. పరీక్ష వాయిదాలు పడుతూ 2024 డిసెంబర్‌లో జరిగింది. ఆ మధ్యలో ఇంట్లో డబ్బులు అడగడానికి మనసొప్పక, బీటెక్ మెకానికల్ చదివాను కదా అని బాలానగర్ పారిశ్రామికవాడలో ఒక వర్క్‌షాప్‌కి పని కోసం వెళ్లాను.

ఓనర్ ఒక్కటే అడిగాడు, "సీఎన్‌సీ మిషన్ నడపడం వచ్చా?" అని. సీఎన్‌సీ అంటే కంప్యూటర్ ఆదేశాలతో లోహాన్ని చెక్కే మిషన్. నాకు రాదు. నాలుగేళ్లూ ల్యాబ్ రికార్డులు రాశానే గానీ మిషన్ దగ్గర నిలబడింది తక్కువ. ఆయన విసుక్కోలేదు. "ఆర్నెల్లుగా ఆపరేటర్ కోసం చూస్తున్నా తమ్ముడూ. వచ్చేవాళ్లందరికీ డిగ్రీ ఉంటది, పని రాదు" అన్నాడు. ఆయన వెనకాల ఒక మిషన్ మీద పట్టా కప్పి ఉంది.

ఆ పట్టా కప్పిన మిషన్ ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. అక్కడ పని ఉంది, ఇక్కడ నేనున్నాను, మధ్యలో ఉండాల్సిన నైపుణ్యం లేదు. వ్యవస్థాపూర్వక నిరుద్యోగిత అంటే ఇదే. నాకు పని వచ్చి ఉండి, ఆ వర్క్‌షాప్‌లో ఖాళీ ఉందని తెలియడానికి ఓ నెల పట్టి ఉంటే అది సంఘృష్ట నిరుద్యోగిత అయ్యేది. సంఘృష్టకు సమాచారం చాలు, వ్యవస్థాపూర్వకకు శిక్షణ కావాలి. ఆ రోజు నుంచి ఈ బిట్ నాకు తప్పలేదు. ఖాళీలూ నిరుద్యోగులూ ఒకేసారి ఎందుకుంటారో వివరించినందుకే డైమండ్, మార్టెన్‌సన్, పిస్సారిడెస్‌లకు 2010లో ఎకనామిక్స్ నోబెల్ వచ్చింది. ఇదీ గుర్తుంచుకోండి.

అంకెలు కూడా ఇలాగే మనుషులతో కలిపి చదవండి. 2023-24 పీఎల్ఎఫ్ఎస్‌లో (కేంద్ర ప్రభుత్వ శ్రామికశక్తి సర్వే) నిరుద్యోగిత రేటు 3.2 శాతమే. ఇంత తక్కువా అనిపిస్తుంది. పని వెతకనివాళ్లు శ్రామికశక్తి లెక్కలోకే రారు. పొలంలో అవసరానికి మించి ఉన్నవాళ్లు పని ఉన్నవాళ్ల లెక్కలో కలిసిపోతారు. అదే సర్వేలో దేశంలో పనిచేసేవాళ్లలో 46 శాతం వ్యవసాయంలోనే ఉన్నారు. మా ఇంట్లోనే రెండెకరాల మీద నలుగురం. ఒకరిద్దరు తప్పుకున్నా పంట తగ్గదు. ఇది మా ఇంట్లోనే చూశాక ప్రచ్ఛన్న నిరుద్యోగితకు నిర్వచనం చదవాల్సిన పని లేకపోయింది.

నన్ను కదిలించిన అంకె మాత్రం వేరే. ఐఎల్ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ) 2024 నివేదిక ప్రకారం 2022లో మన దేశంలో చదవడం, రాయడం రాని యువతలో నిరుద్యోగిత 3.4 శాతం, డిగ్రీ చదివినవాళ్లలో 29.1 శాతం. చదువు రానివాళ్లకు ఖాళీగా కూర్చునే వీలుండదు, ఏదో ఒక పని చేసి తీరాలి. మనం చదివినదానికి తగ్గ పని కోసం ఆగుతాం. లైబ్రరీలో నా పక్కన కూర్చునేవాళ్లంతా ఆ 29 శాతంలోని మనుషులే అనిపించి, ఆ రోజు ఇంక చదవలేకపోయాను.

ఆ గ్రూప్-2లో నాకు రాలేదు. ఎకానమీలో మాత్రం మంచి మార్కులే వచ్చాయి. మళ్లీ రాస్తున్నాను. పొద్దున లైబ్రరీ, సాయంత్రం సీఎన్‌సీ క్లాసు. కోర్సు అయ్యాక వచ్చి కలవమని బాలానగర్ ఓనర్ ఫోన్‌లో చెప్పాడు.