నాన్నతో పరాశర సరస్సు దాకా

డిసెంబర్‌లో నాన్నని హిమాచల్‌లోని మండీ తీసుకెళ్లాను. అక్కడి నుంచి బాగీ అనే ఊరు, ఆ ఊరి నుంచి అడవి దారిన పరాశర సరస్సు. సరస్సుకి దగ్గరగా రోడ్డు కూడా ఉంది, ఎక్కువమంది కార్లలోనే పోతారు. నాన్నే నడుద్దామన్నారు. ఆ మాటన్నందుకు ఆయనకి ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

ముందంతా దేవదారు చెట్లే. వాగు చప్పుడు కాసేపు తోడొచ్చి, ఎక్కేకొద్దీ కిందే ఉండిపోయింది. తర్వాత మా అడుగులు, నాన్న ఊపిరి, అంతే. ఊళ్లో ఉన్నప్పుడు ఇద్దరం అరగంట మాట్లాడుకోకపోతే ఏదో తేడా వచ్చిందేమోనని నాకు టెన్షన్, ఇక్కడ రెండు గంటలు నోరు విప్పకుండా నడిచినా అలా అనిపించలేదు.

అడవి దాటగానే గడ్డి కొండలు. వానాకాలంలో పచ్చగా ఉండే గడ్డి ఇప్పుడు వరిగడ్డి రంగుకి తిరిగింది, ఎండ తగలని వాలు మీద మాత్రం తెల్లగా మంచు పట్టి ఉంది. నాన్న వంగి ఒక పరక తెంపారు. అంచు పొడవునా ఉప్పు అద్దినట్టు సన్నటి పలుకులు, ఆయన వేళ్ల వేడికి చూస్తుండగానే కరిగి ఒక్క బొట్టయింది. "మన గేదెలు దీన్ని వదలవమ్మా" అన్నారు. నిజంగానే అవి గేదెలు మేసే కొండలు. వేసవిలో గుజ్జర్లు మందల్ని ఇక్కడికి తోలుకొస్తారు, చలికి ముందే కిందికి దిగిపోతారు. దారిలో వాళ్ల ఖాళీ గుడిసె ఒకటి కనిపించింది. పలుపు రాపిడికి నున్నగా అరిగిన కట్టుగుంజని నాన్న చేత్తో తడుముతూ చాలాసేపు నిలబడ్డారు. మా ఇంట్లో గేదెల్ని అమ్మేసి ఆరేళ్లయింది.

సరస్సు 2,730 మీటర్ల ఎత్తులో, కొండల మధ్య గిన్నెలో పోసినట్టు ఉంటుంది. పక్కనే మూడంతస్తుల చెక్క గుడి, పరాశర మహర్షిది. వ్యాసుడి తండ్రి అనగానే నాన్న తలకున్న మఫ్లర్ తీసేసి దణ్ణం పెట్టుకున్నారు, అంత చలిలో.

నీళ్లలో గుండ్రంగా ఒక గడ్డి దిబ్బ తేలుతూ ఉంది. అది చోటు మారుతుంటుందట. అరగంట చూశాం, మా కంటికి కదల్లేదు. టీ కొట్టాయన్ని నాన్న తనకొచ్చిన హిందీలోనే అడిగారు, వేసవిలో ఇది ఎక్కడుండేదని. ఆయన మాట్లాడకుండా చెయ్యెత్తి అవతలి గట్టు చూపించాడు. నాన్న ఆ గట్టునీ ఈ దిబ్బనీ మార్చి మార్చి చూస్తూ కూర్చున్నారు, చేతిలో టీ చల్లారిపోయేదాకా.