మౌదూదీ: సార్వభౌమత్వం ఎవరిది?

ఇస్లామిక్ రాజ్య సిద్ధాంతకర్త మౌలానా అబుల్ ఆలా మౌదూదీ పేరు వినగానే పాకిస్తాన్ గుర్తుకొస్తుంది గానీ, ఆయన పుట్టింది 1903 సెప్టెంబరు 25న నిజాం రాజ్యంలోని ఔరంగాబాద్‌లో. కొన్నాళ్లు చదివింది హైదరాబాద్ దారుల్ ఉలూమ్‌లో. 1920లో తండ్రి పోవడంతో పత్రికా రచనే బతుకుతెరువైంది. తన సిద్ధాంతానికి పదును పెట్టుకున్నది కూడా మా ఊళ్లోనే, 1933 నుంచి ఆయన నడిపిన ‘తర్జుమానుల్ ఖురాన్’ అనే ఉర్దూ మాసపత్రిక పుటల్లో. హైదరాబాద్‌వాడినైన నాకు ఈ సంగతి చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆయన వాదం ‘హాకిమియతె ఇలాహీ’ అన్న మాట చుట్టూ తిరుగుతుంది. సార్వభౌమత్వం దైవానిది మాత్రమేననీ, శాసనం చేసే హక్కు ప్రజలకు గానీ, రాజుకు గానీ, జాతికి గానీ స్వతహాగా లేదనీ ఆయన నమ్మారు. అందుకే కాంగ్రెస్ జాతీయవాదాన్నే కాదు, ముస్లిం లీగ్ జాతీయవాదాన్నీ తిరస్కరించారు. ముస్లింలు ఏలినంత మాత్రాన అది ఇస్లామిక్ రాజ్యం అయిపోదన్నారు. 1941 ఆగస్టులో లాహోర్‌లో 75 మందితో, 74 రూపాయల 14 అణాల మూలధనంతో జమాతె ఇస్లామీ అనే సంస్థను స్థాపించారు. దేశ విభజన తర్వాత, తాను విమర్శించిన ఆ పాకిస్తాన్‌కే వెళ్లి, దాన్ని ఇస్లామిక్ రాజ్యంగా మార్చే పనిలో పడ్డారు.

ఆయన ధైర్యం మీద నాకు సందేహం లేదు. 1953లో, మీర్జా గులాం అహ్మద్ అనుచరులైన అహ్మదీయులకు (ప్రత్యర్థులు వారిని ఖాదియానీలంటారు) వ్యతిరేకంగా పంజాబ్‌లో అల్లర్లు చెలరేగినప్పుడు, ‘ఖాదియానీ సమస్య’ అన్న చిన్న పుస్తకం రాసినందుకు సైనిక న్యాయస్థానం మరణశిక్ష వేస్తే, క్షమాభిక్ష అడగనని ఆయన భీష్మించుకున్నారు. శిక్ష తగ్గింది, 1955లో విడుదలయ్యారు. కానీ ఆ పుస్తకం కోరిందేమిటంటే, తమను తాము ముస్లింలుగా భావించుకునే అహ్మదీయులను ప్రభుత్వం ముస్లిమేతర మైనారిటీగా ప్రకటించాలని. దైవం వచ్చి శాసనసభలో కూర్చోడు. గ్రంథం చదివి దాని అర్థం ఇదీ అని తేల్చే మనిషి ఒకడుంటాడు, అసలు అధికారం అతని చేతికే పోతుంది. ఎవరు ముస్లిం, ఎవరు కాదు అన్న తీర్పు కూడా అక్కడే జరుగుతుంది.

ఆ అల్లర్లపై జస్టిస్ మునీర్ విచారణ సంఘం ఆయన్ను ఒక ప్రశ్న వేసింది: మీరు ఇస్లామిక్ రాజ్యం కట్టుకుంటే, హిందువులు తమ మతం ఆధారంగా రాజ్యాంగం రాసుకోవడానికి ఒప్పుకుంటారా? తప్పకుండా ఒప్పుకుంటాననీ, భారతదేశంలోని ముస్లింలను మనుధర్మం ప్రకారం శూద్రులుగా, మ్లేచ్ఛులుగా చూసినా తనకు అభ్యంతరం లేదనీ ఆయన జవాబిచ్చారు. తన పుట్టిన గడ్డ మీద మిగిలిపోయిన కోట్లాది ముస్లింలను సిద్ధాంతం కోసం ఒక్క మాటతో వదిలేసుకున్న ఆ క్షణాన్ని నేను క్షమించలేకపోతున్నాను.

అదే మనిషి, స్త్రీ దేశాధినేత కాకూడదని రాసి కూడా, 1965 ఎన్నికల్లో అయూబ్ ఖాన్ నియంతృత్వానికి ఎదురుగా మహమ్మద్ అలీ జిన్నా సోదరి ఫాతిమా జిన్నాను బలపరిచారు. ముప్పై ఏళ్ల శ్రమతో ఆరు సంపుటాల ‘తఫ్హీముల్ ఖురాన్’ వ్యాఖ్యానాన్ని 1972లో ముగించారు. లాహోర్‌లోని ఇఛ్రాలో ఆయన ఇంటి ముంగిట సాయంత్రపు అసర్ నమాజు తర్వాత జనం చుట్టూ చేరేవారు, ఎవరు ఏమి అడిగినా జవాబు చెప్పేవారు. 1979 సెప్టెంబరు 22న అమెరికాలోని బఫెలోలో కన్నుమూస్తే, ఆ ఇంటి ఆవరణలోనే ఖననం చేశారు.