ట్రావెర్స్ సిటీలో రెడ్ వింగ్స్ కుర్రాళ్ల ఆట

మిషిగన్‌లో డెట్రాయిట్ దగ్గరి నోవై నుంచి ట్రావెర్స్ సిటీకి కారులో సుమారు నాలుగు గంటలు. ఫ్లింట్ దగ్గర ఐ-75 ఎక్కి, గ్రేలింగ్‌లో ఎం-72 మీదకు తిరిగాం. కల్కాస్కా దాటి ఆక్మీ చేరితే గ్రాండ్ ట్రావెర్స్ అఖాతం ఎదురవుతుంది. డెట్రాయిట్ వైపు తెలుగువాళ్లు ఇక్కడికి ఎక్కువగా వేసవిలో ఇసుక దిబ్బలు చూడటానికి వస్తారు. మేం సెప్టెంబరులో వెళ్లింది సెంటర్ ఐస్ రింక్‌కి. ఉత్తర అమెరికా ప్రధాన ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్. అందులోని జట్ల కుర్రాళ్లకు డెట్రాయిట్ జట్టు రెడ్ వింగ్స్ ఇక్కడ 1998లో పోటీలు మొదలుపెట్టింది.

రింక్ చిన్నది, లోపల చలి. జాకెట్ తప్పనిసరి. మధ్యలో సీటు కోసం చూడకుండా, ఆటలోని మూడు పీరియడ్లలో మొదటిదాంట్లో డెట్రాయిట్ కాపాడే గోల్ వెనక, మూలగా, పై వరుసలో కూర్చున్నాం. పీరియడ్‌కోసారి జట్లు వైపులు మారతాయి కాబట్టి అక్కడి నుంచి రెండు పీరియడ్లు డిఫెన్స్, ఒకటి అటాక్ దగ్గరగా కనిపిస్తాయి. కుర్రాళ్ల లోపాలు బయటపడేది డిఫెన్స్‌లోనే.

పక్ (ఆటలో కొట్టే రబ్బరు బిళ్ల) వెంట కళ్లు పరిగెత్తితే ఏమీ తెలియదు. షిఫ్ట్, అంటే ఆటగాడు ఒక్కో విడత ఐస్ మీద ఉండేది, 40 నుంచి 50 సెకన్లు. అంతసేపూ ఒక్కడినే చూడాలి. డిఫెన్స్‌మన్ అయితే, మూలలో పక్ అందుకోక ముందు భుజం మీదుగా వెనక్కి ఎన్నిసార్లు చూశాడు? మొదటి పాస్ తోటివాడి స్టిక్‌కి చేరిందా, లేక రింక్ చుట్టూ ఉండే గ్లాస్‌కి కొట్టి వదిలించుకున్నాడా? ఇక్కడి ఐస్ వెడల్పు 85 అడుగులే. ఐరోపాలో కొన్ని రింక్‌లు 98 అడుగుల దాకా ఉంటాయి. అక్కడి నుంచి వచ్చినవాడికి ఆలోచించడానికి దొరికే సమయం ఒక్కసారిగా తగ్గిపోతుంది. మొదటి ఆటలో తడబడితే ఫర్వాలేదు, రెండో ఆటలో నిర్ణయం త్వరగా వస్తోందా అన్నదే నేను రాసుకుంటాను. గోలీ (గోల్ కీపర్) విషయంలో ఆపిన షాట్ల సంఖ్య కన్నా రీబౌండ్, అంటే తగిలి వెనక్కి వచ్చిన పక్, ఎక్కడ పడిందో, షాట్ వచ్చేలోపు కాళ్లు కుదురుకున్నాయో లేదో ముఖ్యం.

గోల్స్ పట్టికను మాత్రం నమ్మకండి. జట్టుగా సాధన చేసింది కొద్ది రోజులే. ఎన్‌హెచ్‌ఎల్ కింది స్థాయి లీగ్ ఏహెచ్‌ఎల్‌లో ఒకటి రెండు సీజన్లు ఆడిన 22 ఏళ్లవాడు 18 ఏళ్లవాడి మీద పాయింట్లు పోగేస్తాడు. ఒప్పందం లేకుండా పిలుపు మీద వచ్చినవాళ్లు ప్రతి షిఫ్ట్‌లోనూ గట్టిగా ఢీకొంటారు, అది వాళ్ల జీవనాధారం. కాలేజీ ఆటగాళ్లకు అప్పటికే తరగతులు మొదలవుతాయి కాబట్టి వాళ్లు జాబితాలో ఉండరు, వెనకబడ్డారని అనుకోవద్దు.

డిఫెన్స్‌మన్లకూ గోలీలకూ ఇంకా ఓపిక కావాలి. 2019 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కుర్రాళ్లను ఎంచుకునే చోట) ఆరో ఎంపికగా రెడ్ వింగ్స్ డిఫెన్స్‌మన్ మోరిట్జ్ సైడర్‌ను తీసుకున్నప్పుడు చాలామంది ఆశ్చర్యపోయారు. అతను రెడ్ వింగ్స్‌కి అనుబంధమైన ఏహెచ్‌ఎల్ జట్టు గ్రాండ్ రాపిడ్స్‌లో ఒక ఏడాది, స్వీడన్‌లో రోగ్లె జట్టుతో మరో ఏడాది ఆడి, 2021-22లో ఎన్‌హెచ్‌ఎల్‌కి వచ్చి ఆ సీజన్‌కే ఉత్తమ కొత్త ఆటగాడిగా కాల్డర్ ట్రోఫీ గెలిచాడు. 2021లో 15వ ఎంపికైన గోలీ సెబాస్టియన్ కోసా టొలీడోలో ఏహెచ్‌ఎల్‌కన్నా కింది లీగ్ ఈసీహెచ్‌ఎల్ ఆడాకే గ్రాండ్ రాపిడ్స్‌లో కుదురుకున్నాడు. ఇక తర్వాత రెడ్ వింగ్స్ కెప్టెన్ అయిన జెటర్‌బర్గ్‌ను తీసుకున్నది 1999లో 210వ ఎంపికగా!

18, 19 ఏళ్లవాడు ఒప్పందం చేసుకున్నాక ఎన్‌హెచ్‌ఎల్‌లో పది ఆటల లోపే ఆడితే ఆ ఏడాది ఒప్పందంలో లెక్కకు రాదు, ఒప్పందం మరుసటి ఏడాదికి వాయిదా పడుతుంది. అందుకే తొమ్మిది ఆటల తర్వాత కుర్రాడిని వెనక్కి పంపితే అభిమానులు కంగారుపడక్కర్లేదు.

వీలైతే ఇంకొన్ని రోజులు ఉండండి. సీనియర్ల శిక్షణ శిబిరం కూడా తరచూ ఇదే రింక్‌లో జరుగుతుంది. మీరు గుర్తు పెట్టుకున్న డిఫెన్స్‌మన్‌ను అక్కడ ఎవరి పక్కన ఆడిస్తున్నారో చూడండి.